మంచి చావు

కృష్ణ దిగువన నవంబరు చచ్చిపోయినవాళ్ల నెల. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడితే సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ ఉప్పెన. సర్కారు ఒప్పుకున్న లెక్కే 10,000 దరిదాపుల్లో ఉంది. ఒప్పుకోని లెక్క ఎంతో ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఈ రెండు తేదీల నడుమ, ఏటా నవంబరు 2న, కతోలికులకు సమాధుల పండుగ. ఆ రోజు సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతాయి.

కింద మాట్లాడుకునే ఇద్దరికీ పేర్లు పెట్టలేదు. ఒకరు ఉప్పెన నాటికి కొత్తగా గురుపట్టం పుచ్చుకున్న కుర్రవాడు, ఇప్పుడు గుడివాడ పక్కన వృద్ధాశ్రమం చూసుకుంటున్న ఫాదర్ గారు. రెండోవారు నాస్తికుడు గోరా గారి బాటలో నడిచిన రిటైర్డు లెక్కల మాస్టారు. ఇలాంటి జంటలు ఆ రోజుల్లో దివిసీమలో ఒకే లారీ మీద బియ్యం దించారు. ఆ వాదనలే ఇక్కడ ఒకచోట కూర్చాను. నేను ఎటువైపో చదువరి కనిపెట్టేస్తే కనిపెట్టేయవచ్చు.

మాస్టారు: మీ ఫోను ఆగకుండా మోగుతోంది. ఎత్తండి ఫాదర్ గారూ.

ఫాదర్: మోగనివ్వండి. దుప్పట్ల లారీ పామర్రు దగ్గర ఆగిపోయిందిట. నేను ఎత్తినంత మాత్రాన టైరు బాగుపడదు. మీతో ఒక మాట చెప్పాలని పిలిచాను. ఈమధ్య నాకు చావు మీదికి ధ్యాస పోతోందండీ.

మాస్టారు: డెబ్బై దాటాక ఎవరికైనా పోతుంది. బీపీ చూపించుకోండి.

ఫాదర్: చూపించుకున్నాను, బాగానే ఉందన్నారు. నేను చెప్పేది భయం గురించి కాదు. యాభై ఏళ్లు చావుల మధ్యనే తిరిగినవాణ్ణి, చావు గురించి నిమ్మళంగా కూర్చుని ఆలోచించింది మాత్రం లేదు. ఉప్పెన నాటి సంగతే తీసుకోండి. నాగాయలంక దాటి సొర్లగొంది వైపు నడిచాం. మీరూ ఉన్నారుగా. తుమ్మకంపల్లో గొడ్లూ మనుషులూ ఒకే తీరున చిక్కుకుని ఉన్నారు. ఎవరిది ఏ ఊరో, ఏ కులమో, ఏ మతమో పోల్చే వీల్లేదు. గోతులు తీసి పూడ్చినవాళ్లను పూడ్చాం, కిరసనాయిలు పోసి కాల్చినవాళ్లను కాల్చాం. ఒక్కరి దగ్గరా ప్రార్థన చివరిదాకా చదవలేదు. సగంలో ఎవరో కేకేసేవారు, ఇంకో గట్టు మీదికి పరిగెత్తేవాళ్లం.

మాస్టారు: ఆ వారం రోజుల్లో మీరు చేసిన గొప్ప పని అదే.

ఫాదర్: ఏది?

మాస్టారు: ప్రార్థన పూర్తి చెయ్యకపోవడం. చచ్చినవాడి తల దగ్గర మీరు కళ్లు మూసుకుని నిలబడిపోయి ఉంటే, బతికున్నవాడికి మంచినీళ్లు అందేవి కాదు. చెరువుల నిండా ఉప్పునీళ్లు. నీళ్ల ట్యాంకరు వస్తే తన్నుకుచచ్చే పరిస్థితి. చావు గురించి ఆలోచన తీరుబడి ఉన్నవాళ్లు చేసుకునే పని. మనవాళ్లు దానికి పేరు కూడా పెట్టారు, శ్మశాన వైరాగ్యం అని. స్నానం చేసి ఇంటికొస్తే పోయేది.

ఫాదర్: పోతుందనే నా బాధ. పోకుండా ఉండాల్సింది కదా అంటున్నాను.

మాస్టారు: ఎందుకుండాలి? చూడండి, చావు అందరికీ సమానం అని మీరు పీఠం మీద నిలబడి చెబుతారు. ఉప్పెనలో సమానంగా వచ్చిందా? డాబా ఉన్నవాడు డాబా ఎక్కాడు. తాటాకు పాకలో ఉన్న పల్లెకారులు, యానాదులు, పొలం పనికి పొరుగూళ్ల నుంచి వచ్చి గట్ల మీద దిగిన కూలీలు కొట్టుకుపోయారు. అది మృత్యువు గొప్పతనం కాదండీ, పాక గోడ ఎత్తు. ‘రాసిపెట్టి ఉంది’ అన్నది ఎవరు? డాబా మీద నుంచి దిగినవాళ్లు. చావుని వేదాంతం చేస్తే లాభం ఎప్పుడూ డాబా వాడికే.

ఫాదర్: అందులో మీతో నాకు పేచీ లేదు.

మాస్టారు: ఉంది. మీకు తెలియకుండానే ఉంది. 1990 మే 9న వచ్చిన తుపాను గుర్తుందా? ఇదే కృష్ణ ఏటిమొగ ప్రాంతంలో తీరం దాటింది. 77 నాటి దానికి ఏమీ తీసిపోదు. పోయినవాళ్లు రాష్ట్రం మొత్తం మీద వెయ్యి లోపు. పదమూడేళ్లలో పది వంతుల్లో తొమ్మిది వంతులు తగ్గింది. దేవుడికి దయ పెరిగిందా? బందరులో తుపానుల రాడారు పెట్టారు. తుపాను షెల్టర్లు కట్టారు. రేడియో చెప్పింది, రెవిన్యూవాళ్లు ఊళ్లు ఖాళీ చేయించారు. వెళ్లనన్నవాణ్ణి మెడబట్టుకుని లారీ ఎక్కించారు. చావు గురించి ఆలోచించాల్సింది అలాగ. ఎందుకొచ్చింది, ఎవరికొచ్చింది, మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి. అంతే. మిగిలింది అలంకారం.

ఫాదర్: రాడారు చావుని ఆపలేదు మాస్టారూ, వాయిదా వేసింది.

మాస్టారు: వాయిదా చిన్న విషయమా?

ఫాదర్: కాదు, కాదు. నేనే ఆ షెల్టర్లకి కంకర మోయించినవాణ్ణి. ముప్పై ఏళ్ల వాయిదా అంటే పెళ్లిళ్లు, పురుళ్లు, మనవలు. కానీ వాయిదా తీరే రోజు ఒకటుందిగా? మీరు లారీ ఎక్కించినవాళ్లే ఇప్పుడు నా ఆశ్రమంలో మంచాల మీద ఉన్నారు. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో. అప్పుడు తొమ్మిది వంతులు మిగిలారు అన్నారే, ఆ మిగిలినవాళ్లు పోయేటప్పుడు పక్కన ఎవరు కూర్చోవాలి అన్న లెక్క ఏ పథకంలోనూ లేదు.

మాస్టారు: అంటే రాడారు మీకు పని కల్పించింది.

ఫాదర్: కల్పించింది. నవ్వండి, ఫరవాలేదు. లోపల మూడో మంచం మామ్మ సంగతి చెబుతాను. కోడూరు అవతల పల్లెపాలెం ఆవిడ. వయసు అడిగితే సంవత్సరాలు చెప్పదు, ‘ఉప్పెన నాటికి నాకు ఇద్దరు బిడ్డలు’ అంటుంది. ఆ ఇద్దరూ ఆ రాత్రే పోయారు. కార్తీకం వస్తే చాలు, సాయంత్రం పూట మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంటుంది, నీళ్లు వస్తాయేమోనని. పోయిన చలికాలం దాతలు కొత్త దుప్పట్లిచ్చారు. ఫొటో కోసం నేను స్వయంగా కప్పబోతే చేత్తో ఆపింది. ‘నాకు ఎన్నాళ్లని అయ్యా, ఆ పిల్లకియ్యి’ అంది, ఊడ్చే అమ్మాయిని చూపించి. నేను ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి. ఇచ్చింది ఆవిడ. ఆవిడకి తన చావు తెలుసు కనక ఇవ్వగలిగింది. నా చేతిలో ఇంకా బోలెడు దుప్పట్లున్నాయి, అన్నీ రిజిస్టరులో ఎక్కాయి.

మాస్టారు: ఇది కథ బాగుంది గానీ వాదన కాదు. ఆవిడ మంచిది కనక ఇచ్చింది. చావు తెలిసి కూడా దిండు కింద రొక్కం కట్టి పట్టుకుని పోయినవాళ్లను మీరు చూడలేదా?

ఫాదర్: చూశాను. పట్టుకున్నవాళ్లలో మా బోటి సేవ చేసేవాళ్లే ఎక్కువ. నేను చెప్పాలనుకున్నది అసలు అదీ. పని ఎక్కువైపోయినవాడికి తను పోతాడన్న సంగతి మరుపున పడుతుంది. ఈ ఆశ్రమం నేను లేకపోతే నడవదు అనుకుంటాడు. తాళాలు తన దగ్గరే ఉండాలి, చెక్కు మీద సంతకం తనదే ఉండాలి. రాయి మీద పేరు... వద్దంటూనే చెక్కించుకుంటాడు. ఉప్పెన తర్వాత దివిసీమలో కట్టిన కాలనీలు గుర్తున్నాయా? కట్టినవారు ఎవరైతే వారి వారి పేర్లు. దీనదయాళపురం ఒకటి, పునీతుల పేర్లతో మావాళ్లవి కొన్ని. అందరూ మంచి పనే చేశారు, ఇళ్లు నిలబడ్డాయి. కానీ ఊరికి పాత పేరుండేదిగా. పోయినవాళ్లు ఆ పాత ఊరివాళ్లు. కొత్త పేరు పెట్టినవాళ్లు దాతలు.

మాస్టారు: ఈ మాట మీ నోటి నుంచి వస్తుందనుకోలేదు. సేవ పేరుతో మతం అని నేనంటే తప్పంటారు. మీ బందరు నోబుల్ దొరతో మొదలైందే కదా ఇది. బడి పెట్టాడు, బాగుంది. ఇద్దరు కుర్రాళ్లకి బాప్తిస్మం ఇచ్చేసరికి బడి ఖాళీ అయిపోయింది. పిల్లలు చదువుకొచ్చారా, చేపల్లా ఎరకొచ్చారా అని ఊరు అనుమానించింది.

ఫాదర్: ఆయన మావాడు కాదు, ప్రొటెస్టెంటు. అయినా ఆయన తరఫున ఒక మాట. 1841లో వచ్చాడు, 1843లో బడి పెట్టాడు, 1865లో బందరులోనే పోయాడు. అంతకు ముందు ఏడాదే ఉప్పెన వచ్చి ఊళ్లో సగం ఊడ్చుకుపోయింది. తిరిగి ఇంగ్లండు మొహం చూడలేదు. ఇప్పుడు నోబుల్ కాలేజీలో చదివే పిల్లల్ని అడగండి, నోబుల్ అంటే మనిషి పేరని సగం మందికి తెలియదు. నాకది ఊరటగా ఉంటుందండీ. బడి మిగిలింది, మనిషి కరిగిపోయాడు.

మాస్టారు: అటు డచ్చివాళ్ల సమాధులు చూడండి మరి. బట్టల వ్యాపారానికొచ్చి పోయినవాళ్లకి రాతి మీద వంశ చిహ్నాలు, అక్షరాలు, వాటికి పురావస్తు శాఖ కాపలా. మూడొందల ఏళ్లుగా బందరు ఎండకీ వానకీ తట్టుకుని ఉన్నాయి. సొర్లగొంది గోతుల్లో ఎవరున్నారో చెప్పే రాయి ఒక్కటి చూపించండి. స్థూపాలున్నాయి, ఏటా నవంబరు 19న దండలు వేస్తారు, ఫొటోలు పేపర్లో పడతాయి. పేర్లేవి?

ఫాదర్: అందుకే సమాధుల పండుగ పూజలో నేను పేర్లు లేనివాళ్ల కోసం ఒక తలంపు పెడతాను. జనం కవర్లలో తమవాళ్ల పేర్లు రాసి ఇస్తారు, చదువుతాను. చివర్న ఒక ఖాళీ కవరు పీఠం మీద పెడతాను.

మాస్టారు: ఖాళీ కవరు! ఫాదర్ గారూ, ఓటర్ల జాబితా ఉంది, రేషను కార్డుల దస్త్రం ఉంది, బడి రిజిస్టర్లున్నాయి. కూర్చుని వెతికితే ఆ కవరు నిండుతుంది. దేవుడి ముందు ఖాళీగా పెట్టడం భక్తి కావచ్చు, నాకైతే బద్ధకం లాగ కనిపిస్తోంది.

ఫాదర్: (కొంచెంసేపు ఊరుకుని) పాత దస్త్రాలు చాలా వరకు ఉప్పెనలోనే తడిసిపోయాయి.

మాస్టారు: అన్నీ కాదు. నేను తెస్తాను, మీరు రాయండి. మీ ఆత్మలు మీవి, నా లెక్కలు నావి.

ఫాదర్: రాస్తాను. కానీ లెక్క పూర్తయ్యాక మీరు ఇంటికెళతారు. నేను చదవాలి.

మాస్టారు: అదే అర్థం కాదు నాకు. చదివితే ఎవరికి వినిపిస్తుంది? పోయినవాడు లేడు. చచ్చినవాడికి మనం బాకీ లేం. బతికినవాడికే బాకీ.

ఫాదర్: మరి గోరా గారి వర్ధంతి ఎందుకు చేస్తారు?

మాస్టారు: ఆయన పని గుర్తు చేసుకోవడానికి. దండం పెట్టం. ఇక చావు అంటే ఆయనది చూడండి. 1975 జులై 26, విజయవాడలో సభ. మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయారు. వాక్యం చివరి మాట బహుశా మిగిలిపోయి ఉంటుంది, అంతే. మంచం లేదు, మూలుగు లేదు, భయం లేదు. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, నాస్తికుడన్న కోపానికి ఉద్యోగం వదులుకుని 1940లో మా ముదునూరు వచ్చి కేంద్రం పెట్టాడు. చివరి నిమిషం దాకా పనిలో ఉన్నాడు. మంచి చావు అంటే అదండీ. చావు గురించి ఆలోచించేందుకు ఆయనకు ఒక్క సెకను కూడా మిగల్లేదు.

ఫాదర్: మా పాత ప్రార్థనలో, పునీతుల ప్రార్థనమాలలో, ఒక వేడుకోలుంది. హఠాత్తుగా, సిద్ధపడకుండా వచ్చే చావు నుంచి మమ్మల్ని తప్పించు అని. మీరు మంచి చావన్నదాన్నే మేం రాకూడదని అడుగుతాం.

మాస్టారు: విచిత్రం. మా అమ్మ జీవితమంతా అనాయాస మరణం ఇమ్మని మోపిదేవి స్వామికి మొక్కేది. మాట వరసకి ఎవరినడిగినా అదే అంటారు, ‘కూర్చున్నవాడు కూర్చున్నట్టు పోవాలి’ అని. మీరేమో మంచాన పడి పోవాలంటారు.

ఫాదర్: మంచాన పడాలని కాదు. ఒక్క గంట ముందు తెలియాలని. ఎవరితో తగువుందో వాళ్లను పిలిపించుకోవచ్చు. ఎవరి సొమ్ము మన దగ్గరుందో చెప్పవచ్చు. అవస్థ అభ్యంగనానికి పిలిచినప్పుడు నేను నూనె రాసేది నుదుటికీ చేతులకీ. నుదురు సరే. చేతులు ఎందుకో చాలాకాలం నాకు పట్టలేదు. వలలు లాగిన చేతులు, నారు పీకిన చేతులు, అరచేయి మధ్యలో కాయ కాచి నూనె ఇంకదు, పైనే నిలబడిపోతుంది. ఆ చేతిని తెరవమంటే చాలామంది తెరవరు. పిడికిలి బిగిసి ఉంటుంది. మెల్లిగా వేళ్లు ఒక్కొక్కటీ విప్పాలి. అప్పుడు నాకు నా చేయి గుర్తొస్తుంది. ఉప్పెనలో పోయిన 10,000 మందికి ఆ ఒక్క గంట దొరకలేదు. మీరు వాళ్లకి దొరకనిది ముందస్తు హెచ్చరిక అంటారు, నేను వీడ్కోలు అంటాను.

మాస్టారు: హెచ్చరిక ఉండి ఉంటే వీడ్కోలు అవసరమే వచ్చేది కాదు.

ఫాదర్: ఆ రోజుకి.

మాస్టారు: ఆ రోజుకి చాలు! మనిషికి కావలసింది ఆ రోజే. ఫాదర్ గారూ, మీ మాటల్లో అందం ఉంది, అందుకే నాకు భయం. చేతులు, నూనె, వీడ్కోలు. వినేవాడు కరిగిపోతాడు, కరిగి షెల్టరు సంగతి మర్చిపోతాడు. ఉప్పెన తర్వాత సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టారు, ఇద్దరూ మన గుడివాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వీధి వీధికీ తిరిగారు, ఆడవాళ్లు మెడలోవి తీసి వేశారు. గొప్ప దృశ్యమే. కానీ జోలె ఎందుకు పట్టాల్సి వచ్చింది? సముద్రం పక్కన అంతమంది పాకల్లో ఎందుకున్నారు? జోలెలో పడ్డ చిల్లర చప్పుడుకి ఆ ప్రశ్న వినపడకుండా పోయింది. దయ ఎక్కువైన చోట అడగడం తక్కువవుతుంది.

ఫాదర్: అడగడం మీ పని, చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు, కలెక్టరాఫీసు గుమాస్తాలు మిమ్మల్ని చూస్తే టీ తాగడానికి లేస్తారని విన్నాను. నేను దాన్ని తక్కువ చెయ్యను. ఫాదర్ విండే గారు తెలుసుగా మీకు, బెల్జియం నుంచి వచ్చిన జెస్విట్. 1969 తుపాను తర్వాత కోస్తాలో ఊళ్లు కట్టడానికి సంస్థ పెట్టి, 2009లో పోయేదాకా అదే ధ్యాసలో ఉన్నారు. ఊరివాళ్లే తమ ఇళ్లు తాము కట్టుకోవాలి అనేది ఆయన పట్టు.

మాస్టారు: ఇళ్లు ఉన్నాయి. ఆయన చావు గురించి ఏమనుకున్నాడో ఎవరికి కావాలి?

ఫాదర్: ఊరివాళ్లే కట్టుకోవాలి అన్నాడంటేనే చావు గురించి అనుకున్నట్టు. నేను ఉండను, మీరుంటారు, పని మీకు రావాలి అని. విభూది బుధవారం నాడు నేను అందరి నుదుటా బూడిద పెడతాను. పోయినేడు మ్రానికొమ్మల పండుగకి ఊరేగించిన మట్టలే, మూకుట్లో కాల్చి జల్లించిన బూడిద. మట్టివి, మట్టిలో కలుస్తావు అని ప్రతివాడికీ చెబుతాను. అందరికీ పెట్టాక నాకు ఎవరు పెట్టాలి? మా ఉపదేశి పెడతాడు. నా దగ్గర జీతం తీసుకునేవాడు నా నుదుటి మీద వేలు పెట్టి నువ్వు మట్టివి అంటాడు. మర్నాటి పొద్దున మళ్లీ వాడి మీద అరుస్తాను, అది వేరే సంగతి. ఏడాదికి ఒకరోజు చాలటం లేదనే ఇప్పుడు నా గొడవంతా.

మాస్టారు: అయితే ఒక పరీక్ష. ఈ ఆశ్రమం మీ తర్వాత ఎవరికి? రాసిపెట్టారా?

ఫాదర్: మేత్రాణులు చూసుకుంటారు.

మాస్టారు: చూశారా! చావు గురించి గంట నుంచి చెబుతున్నారు, వీలునామా దగ్గరకొచ్చేసరికి పైవాళ్లు చూసుకుంటారు. నేను దేవుణ్ణి నమ్మను, నా శరీరం మెడికల్ కాలేజీకి రాసిచ్చాను, కాగితం మీద సాక్షి సంతకాలతో. పుస్తకాలు లైబ్రరీకి. గోడ గడియారం మనవడికి. మీకంటే నేనే సిద్ధపడి ఉన్నాను.

ఫాదర్: (నవ్వి) దీనికి నా దగ్గర జవాబు లేదు. ట్రస్టులో ఊరివాళ్లని వెయ్యాలని అనుకుంటూనే ఉన్నాను. ఎవరిని వేస్తే ఎవరికి కోపమో అని...

మాస్టారు: ఊడ్చే అమ్మాయిని వెయ్యండి. మీ మామ్మ దుప్పటి ఆవిడకే ఇచ్చింది కదా.

ఫాదర్: వేస్తాను. నిజంగానే వేస్తాను. మరి నాకో మాటివ్వండి. మీ సంస్మరణ సభలో నేను మాట్లాడాలి.

మాస్టారు: మాట్లాడండి. ప్రార్థన మాత్రం చెయ్యకూడదు.

ఫాదర్: పైకి చెయ్యను. మనసులో చేసుకుంటే?

మాస్టారు: చేసుకోండి. అడ్డం పడటానికి నేను ఉండనుగా. మీరు ముందు పోతే నేను సమాధుల దొడ్డికి వస్తాను, కొవ్వొత్తి పట్టుకోను.

ఫాదర్: రండి చాలు. గాలికి అవి ఎలాగూ ఆరిపోతాయి.

మాస్టారు: అన్నట్టు మొన్న కోడూరు వైపు వెళ్లాను. అక్కడ ఒక షెల్టరుకి తాళం వేసి ఉంది, లోపల ఎవరివో ఎరువు బస్తాలు. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు పంచాయితీ అన్నారు, ఇంకొకరు మీ విచారణ గుడి అన్నారు. కట్టినప్పుడు మీవాళ్లు కలిశారుట.

ఫాదర్: ఆ చెవి... అక్కడి ఉపదేశి దగ్గర ఉండాలి. ఆయన పోయి రెండేళ్లయింది.

మాస్టారు: లేవండి మరి. ఫోనెత్తండి. దుప్పట్ల లారీ వాడికి కాదు, కోడూరుకి. వాయుగుండం పడిందని పొద్దున రేడియోలో చెప్పారు.